దక్షిణం వాటా ఎప్పుడూ ఆడపిల్లకేనా?

ప్రశ్న: గుంటూరు నుంచి ఒక ఉపాధ్యాయిని నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సారాంశం ఇది.

ఆమె నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో విజయవాడ పక్కన పోరంకిలో 240 గజాల స్థలం కొన్నారు. తూర్పు రోడ్డు. రోడ్డు మీద 36 అడుగులు, లోపలికి 60 అడుగులు. దాన్ని చెరి 18 అడుగుల వెడల్పున పంచి, ఉత్తరం సగం కొడుక్కి, దక్షిణం సగం కూతురికి ఇచ్చి, మధ్యలో ఒకే గోడతో రెండు చిన్న ఇళ్ళు కట్టించాలని ఆయన ఆశ. మేస్త్రి ముందు తమ్ముడి ఇంటికి ప్లాను గీశాడు. ఆగ్నేయంలో వంటిల్లు, నైరుతిలో పడకగది, వాయవ్యంలో స్నానాలగది. అందరికీ నచ్చింది. అదే ప్లానును తిరగేసి అక్క ఇంటికి వేశాడు. దాంతో ఆమె వంటిల్లు ఈశాన్యానికి, స్నానాలగది నైరుతికి వెళ్ళాయి. వాస్తు చూసినాయన వచ్చి, దక్షిణం ముక్కకు దోషాలున్నాయని, పైగా ఉత్తరాన ఖాళీ లేదని తేల్చాడు. మరదలు వెంటనే "వదినగారు ఎలాగూ గుంటూరులోనే ఉంటారు కదా, అద్దెకిచ్చుకునే ఇంటికి వాస్తు ఏముంది" అంది. నాన్నగారు ఏమీ అనలేదు. ఆ మౌనమే తనను ఎక్కువ బాధపెట్టిందని ఆమె రాశారు.

ఇప్పుడు ఆమె కుటుంబం గుంటూరులో ఉండేది మూడో అంతస్తులో, పైన డాబా తప్ప ఏమీ లేని అద్దె ఇంట్లో. మే నెలలో రాత్రి పదింటికి కూడా మంచం పక్క గోడ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుందట. రెండు ఏసీలు తెల్లవార్లూ తిరగాల్సిందే. రిటైరయ్యాక ఉండబోయే ఇల్లయినా కరెంటు మీద ఆధారపడకుండా చల్లగా ఉండాలని ఆమె కోరిక. ఆమె సంక్రాంతి దాటగానే మొదలుపెట్టాలనుకుంటున్నారు. తమ్ముడు లోను కోసం ఇంకో ఏడాది, ఏడాదిన్నర ఆగమంటున్నాడు. "దోషమున్న ముక్క తీసుకుని నోరు మూసుకోవాలా, చీటీలు వేద్దామని పట్టుబట్టాలా, డబ్బు తీసుకుని తప్పుకోవాలా?" ఇదీ ఆమె ప్రశ్న.

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో రెండు బాధలున్నాయి. మిమ్మల్ని అడగకుండా వాటా తేల్చేశారన్నది ఒకటి. ఆ వాటా మంచిది కాదన్నది రెండోది. మొదటిది నిజం, దాని దగ్గరకు తర్వాత వస్తాను. రెండోది నిజమో కాదో చూడకుండా మాత్రం చీటీలు వేయకండి. ఉత్తరం చీటీ చేతికొచ్చాక పశ్చాత్తాపపడాల్సి రావచ్చు.

ముందు దోషం సంగతి. మీ వంటిల్లు ఈశాన్యానికి వెళ్ళింది స్థలం వల్ల కాదు, మేస్త్రి కాగితం తిరగేసినందువల్ల. తూర్పు పడమరలుగా సాగే గోడకు అటూ ఇటూ ఒకే బొమ్మను తిరగేసి వేస్తే ఉత్తరం దక్షిణమవుతుంది. ఒక ఇంటి ఆగ్నేయం రెండో ఇంటికి ఈశాన్యమవుతుంది. వాయవ్యం నైరుతి అవుతుంది. రెండిళ్ళలో ఒకటి నష్టపోక తప్పదు. ఆయన మీ ఇంటి ప్లాను ముందు గీసి తిరగేసి ఉంటే దోషాలన్నీ తమ్ముడి ఇంటికి పోయేవి. మేస్త్రులు ఎందుకిలా చేస్తారంటే రెండు వంటిళ్ళూ వీపు వీపు ఆనించుకుని మధ్య గోడకు వస్తాయి, నీళ్ళ పైపులు, డ్రైనేజీ ఒకే చోట దిగుతాయి, కాస్త ఖర్చు కలిసొస్తుంది. కలిసొచ్చేది మొదటి ఏడాదే. మధ్య గోడలో చెమ్మ కనిపించిన రోజున అది ఎవరి సింకు పైపుదో తేల్చడానికి రెండిళ్ళ టైల్సూ పగలాలి. ఉమ్మడి గోడలో నీళ్ళ పైపు పెట్టకపోవడం వాస్తు నమ్మనివాళ్ళకు కూడా మంచిదే.

ఉత్తరాన ఖాళీ లేదన్న మాట మటుకు కాగితం మార్చితే పోయేది కాదు. ఉమ్మడి గోడ అంటేనే మీ ఇంటికి ఉత్తరం మూసుకుపోవడం, తమ్ముడి ఇంటికి దక్షిణం మూసుకుపోవడం. వాస్తు లెక్కలో ఉత్తరం ఇల్లు గెలుస్తుంది, అందులో సందేహం లేదు. మన వైపు పెద్దవాళ్ళు ఇంకో మాట కూడా అంటారు కదా, పంపకంలో పెద్దవాళ్ళకు దక్షిణం, చిన్నవాళ్ళకు ఉత్తరం అని. మీరు అక్క. నాన్నగారి మనసులో ఉన్నది ఆ లెక్కేనేమో అడిగారా? మరదలి మాటను ఆయన మౌనంతో కలిపి చదువుతున్నారేమో ఒకసారి చూసుకోండి.

ఇక మీరు కోరుకున్న చల్లదనం. ఇక్కడ లెక్క పూర్తిగా మారిపోతుంది. దక్షిణం అంటే ఎండ అని అందరూ అనుకుంటారు. విజయవాడ ఉన్నది దాదాపు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. మే మొదటి వారంలో సూర్యుడు మన నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా రోజంతా కాస్త ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. అంటే రోహిణీ కార్తెలో మీ దక్షిణపు గోడ మీద నేరుగా ఎండే పడదు. ఆ రోజుల్లో పొద్దునా సాయంత్రమూ ఏటవాలు ఎండ తగిలేది తమ్ముడి ఉత్తరపు గోడకు. దక్షిణం గోడకు ఎండ తగిలేది చలికాలంలో. అప్పుడు కూడా, డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు, రెండడుగుల సన్‌షేడ్ కిటికీ మీద రెండడుగుల పైచిలుకు నీడ వేస్తుంది. మార్చి, ఏప్రిల్‌ మధ్యాహ్నాల్లో సూర్యుడు ఇంకా పైకెక్కుతాడు కాబట్టి అదే సన్‌షేడ్ కిటికీ మొత్తాన్ని కాస్తుంది.

దీనికి తోడు గాలి. ఎండాకాలం సాయంత్రం పైరగాలి వచ్చేది దక్షిణం నుంచి. మీ ఇంటికి ఆ వైపు పొడవునా గోడ తెరిచి ఉంటుంది. తమ్ముడి ఇంటికి ఆ వైపే మీ ఇల్లు అడ్డం. అందువల్ల, ఉక్కపోతే శత్రువైన ఊళ్ళో, మీకు అంటగట్టారని మీరు బాధపడుతున్న ముక్కే మీరు కోరుకున్న ఇంటికి దగ్గర. మరదలికి ఈ సంగతి తెలిస్తే ఆవిడే మార్చుకుందామనొచ్చు, అప్పుడేం చేస్తారో కూడా ఆలోచించి పెట్టుకోండి.

అయితే దక్షిణం సగంలో ఒక గది మాత్రం నిజంగా కష్టం. నైరుతి పడకగది. దానికి దక్షిణమూ పడమరా రెండూ బయటి గోడలే. గుంటూరు ఇంట్లో మీ చెయ్యి చురుక్కుమనిపించింది ఏమిటో ఇప్పుడు చెప్తాను. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మీద పడిన ఎండ వేడి లోపలికి చేరడానికి ఆరేడు గంటలు పడుతుంది. మూడు, నాలుగింటికి పడమర గోడ తాగిన ఎండ సరిగ్గా మీరు పడుకునే వేళకు గదిలో దిగుతుంది. పైన డాబా కూడా అంతే. ఏసీ ఆ రాత్రంతా చల్లబరిచేది గాలిని కాదు, గోడనీ స్లాబునీ. కొత్త ఇంట్లో అదే తప్పు చేస్తే ఎన్ని స్టార్ల ఏసీ కొన్నా బిల్లు దిగిరాదు.

మందు ఇంటి ప్లానులోనే ఉంది. పడమర గోడకు మంచం ఆనకూడదు. ఆ అంచున ఐదడుగుల పట్టీ తీసుకుని వాయవ్యం వైపు స్నానాలగది, మిగతా చోట బట్టల అల్మరాలు, సామాను గది పెట్టండి. వీలైతే మెట్లు కూడా ఆ వైపే. పడమర, దక్షిణాల్లో మెట్లంటే వాస్తు చూసేవాళ్ళు కూడా అడ్డుచెప్పరు. ఎండ ముందు ఎవరూ పడుకోని ఆ గదులకు తగులుతుంది, పడకగది దాని వెనక దాక్కుంటుంది. దీనికి మీరు ఇచ్చుకునేది గది లోతులో ఐదడుగులు. ముందు బండికి చోటు, వెనక, పక్కన వదలాల్సినవి పోగా మీకు మిగిలే కట్టుబడి సుమారు 14 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. అందులో ఐదడుగులంటే తక్కువేం కాదు. పిల్లల గది చిన్నదవుతుంది. లేదా హాలు తగ్గించుకోవాలి. గది తగ్గడం ఇష్టంలేకపోతే పడమర గోడ ఒక్కటైనా ఏఏసీ బ్లాకులతో, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు ఇటుకలతో, కట్టించి బయట తెల్ల రంగు వేయించండి. ఇటుక కంటే అది వేడిని బాగా ఆపుతుంది. పట్టీ అంత ఫలితం రాదు కానీ ఏమీ చేయనిదానికంటే చాలా నయం. మధ్య గోడకు మాత్రం ఏఏసీ వద్దు. ఆ గోడకు రెండు వైపులా ఇళ్ళే, ఎండ బాధ లేదు. అక్కడ కావలసింది బరువు. తేలికైన గోడ మాటల్ని దాటనిస్తుంది. తొమ్మిదంగుళాల మట్టి ఇటుకో, ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకో పెట్టి రెండు వైపులా మందంగా ప్లాస్టరు చేయించండి. స్విచ్చు బోర్డులు గోడకు అటూ ఇటూ ఒకే చోట తవ్వనివ్వకండి. టీవీ ఆ గోడకు బిగించొద్దని తమ్ముడికి ఇప్పుడే చెప్పండి. గృహప్రవేశమయ్యాక చెప్తే గొడవంటారు.

కిటికీల విషయంలో ఒక్క కొలత గుర్తుంచుకోండి. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ 2018లో ఎకో నివాస్ సంహిత అని ఇళ్ళకు ఒక కోడ్ తెచ్చింది. మీ అంత చిన్న స్థలాలకు అది వర్తించదు కానీ లెక్క పనికొస్తుంది. మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో ఇంటి లోపలి నేల వైశాల్యంలో ఆరో వంతు, బయటికి తెరుచుకునే కిటికీలు, వెంటిలేటర్లు, తలుపులు ఉండాలంటుంది. లోపల 540 చదరపు అడుగులైతే 90 చదరపు అడుగులు. కిటికీ సైజు కాదు, తెరుచుకునే భాగం. ఇప్పుడు అందరూ మోజుపడే రెండు ట్రాకుల యూపీవీసీ ప్లాస్టిక్ స్లైడింగు కిటికీ ఐదడుగులకు నాలుగడుగులు పెట్టినా తెరుచుకునేది సగం, పది చదరపు అడుగులే. పాతకాలపు రెక్కల కిటికీ అయితే దాదాపు ఇరవై మొత్తం తెరుచుకుంటుంది. షోరూములో కుర్రాడు ఈ ముక్క చెప్పడు. దోమల జాలీ వేస్తే గాలి ఇంకా తగ్గుతుంది, బెజవాడ దోమల సంగతి తెలిసి జాలీ వద్దని ఎలా అంటాను? అందుకే మిగతా కొలతలో పిసినారితనం పనికిరాదు.

తమ్ముడి ఇంటికి గాలి లేదన్నాను కదా. అతని ఇల్లు మీ సమస్య కాదనుకోకండి, గోడ ఒకటే. రెండిళ్ళకూ మధ్యలో, హాలు అయిపోయి పడకగది మొదలయ్యే చోట, గోడకు అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు ఆకాశం కనిపించేలా డక్టు వదిలితే వేడి గాలి అందులోంచి పైకి పోతుంది, నడిమి గదికి వెలుగొస్తుంది. వాస్తులో బ్రహ్మస్థానమనే నడిమి చోటు ఖాళీగా ఉంచారని నాన్నగారూ సంతోషిస్తారు. ఇబ్బంది ఏమిటంటే పక్కింటి మాట, పోపు ఘాటు ఆ డక్టులోంచే వస్తాయి. మధ్యలో ఏడడుగుల గోడ లేపి ఆపైన వదిలేస్తే కొంత ఆగుతుంది. వానకు పైన ఏదో ఒక కప్పు, పక్కల్లో గాలి పోయేలా, వేయాలి. మీరిద్దరూ ఒప్పుకోకపోతే ఎవరి వైపు వాళ్ళు విడిగా వదులుకోవచ్చు, గాలి అంత లాగదు.

ఇప్పుడు ప్లాను విషయంలో మీ ముందున్న దారులు. తిరగేసిన ప్లానే ఉంచడం చవక, మీ మనసుకు ఖరీదు. రెండోది, తిరగేయకుండా అదే ప్లానును పక్కకు జరిపి వేయడం. రెండిళ్ళకూ వంటిల్లు ఆగ్నేయంలోనే వస్తుంది, స్నానాలగది వాయవ్యంలోనే. వాస్తు గొడవ చాలావరకు చల్లారుతుంది. కానీ మీ గుమ్మం ఉమ్మడి గోడ పక్కకు, సరిగ్గా తమ్ముడి వంటింటి కిటికీ పక్కకు వస్తుంది. అతని వంటింటికి తూర్పు ఒక్కటే తెరిచి ఉంటుంది కాబట్టి పెద్ద ఎగ్జాస్టు ఫ్యాను కావాలి. పైగా అతని సింకు ఉమ్మడి గోడకు కాకుండా తూర్పు గోడకు పెట్టించాలి. మూడోది, పిల్లర్ల వరస ఒకటే ఉంచి గదులు ఎవరి వైపుకు తగ్గట్టు వాళ్ళు వేసుకోవడం. నేనైతే దీనివైపే మొగ్గుతాను. మీది గాలి ఉన్న ఇల్లు, ఎండను ఆపుకోవాలి. అతనిది నీడ ఉన్న ఇల్లు, గాలి తెచ్చుకోవాలి. రెంటికీ ఒకే బొమ్మ ఎలా సరిపోతుంది? కాకపోతే మేస్త్రి చేతిలో అయ్యే పని కాదు, ఇంజనీరు దగ్గరో ఆర్కిటెక్టు దగ్గరో రెండు ప్లాన్లకు ఫీజు కట్టాలి.

నాలుగో దారి మీరు మీ లేఖలో రాయనిది. పక్కపక్కన కాకుండా కిందా పైనా కట్టుకోవడం. అప్పుడు రెండిళ్ళకూ నాలుగు వైపులా గాలి ఉంటుంది, దిక్కుల గొడవ ఉండదు, కింది ఇంటికి డాబా వేడే తెలియదు. పై ఇంటికి మీరు గుంటూరులో పడుతున్న బాధంతా వస్తుంది. పైన ఎవరన్న ప్రశ్న మళ్ళీ మొదలవుతుంది. స్థలం విడిగా మీ పేర్న ఉండదు, అవిభాజ్యపు వాటా మాత్రమే ఉంటుంది. నాన్నగారి ఆశ పక్కపక్క ఇళ్ళ మీద ఉంది కాబట్టి ఆయన ఒప్పుకోవడం కష్టమే, అయినా ఒకసారి బల్ల మీద పెట్టండి.

డాబా గురించి తొందరగా చెప్తాను. స్లాబు మీద ఇన్సులేషన్ పొర, ఆపైన తెల్ల కూల్ టైల్స్, చేతిలో డబ్బు లేకపోతే ఏటా ఎండాకాలం ముందు సున్నం పూత. దాని మీద సోలారు పెడితే ఆ నీడ కూడా కలిసొస్తుంది. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో, ఇది 2024లో వచ్చింది, రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడు కిలోవాట్లకు మొత్తం 78,000 రూపాయలు సబ్సిడీ. కిలోవాటుకు వంద చదరపు అడుగులు కావాలి, రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. ఎవరి మీటరు వాళ్ళదిగా ఉండాలి, యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే శ్లాబులు కాబట్టి అదే మీకు లాభం కూడా. ఇక్కడ జంట ఇళ్ళకే వచ్చే చిక్కు ఒకటుంది. మీరు ఎప్పటికైనా పైన ఇంకో అంతస్తు వేస్తే, పిట్టగోడతో కలిపి 13 అడుగుల ఎత్తు అనుకుందాం, డిసెంబరులో మిట్టమధ్యాహ్నం కూడా దాని నీడ 11 అడుగుల దాకా తమ్ముడి డాబా మీద పడుతుంది. అతని డాబా వెడల్పే 14. అతని ప్యానెళ్ళు ఆ నెలల్లో నిద్రపోతాయి. నైరుతిలో మీరు పెట్టే నీళ్ళ ట్యాంకు కూడా సాయంత్రాల్లో మీ ప్యానెళ్ళ మీదే నీడ వేస్తుంది, వాటిని ట్యాంకుకు కొంచెం దూరంగా వేయించండి. తమ్ముడి డాబా మీద నీడ వేయగలగడం దక్షిణం వాటాకు ఉన్న బలం, తమ్ముడికి చెప్పకుండా దాచిపెట్టుకోవాల్సింది మాత్రం కాదు.

మీరు ముందు, తమ్ముడు ఏడాదిన్నర తర్వాత అన్న మాట నన్ను వాస్తు కంటే ఎక్కువ భయపెట్టింది. అది డెల్టా నల్లమట్టి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకుని నెర్రెలిస్తుంది. ఒక ఇల్లు నేలలో సర్దుకున్నాక రెండో ఇంటి బరువు అదే పునాది మీద పడితే మధ్య గోడకే బీటలొస్తాయి. ఇద్దరూ కలిసి కడితేనే ఒక గోడ, ఒకే వరస పిల్లర్లు. కలిసి కుదరకపోతే కనీసం పునాదులు, పిల్లర్లు స్లాబు మట్టం దాకా రెండిళ్ళవీ ఒకేసారి లేపి తమ్ముడి ఖర్చు ఎవరు పెడతారో రాసుకోండి. అదీ కాకపోతే ఒక్క గోడ ఆశ వదులుకుని, మధ్యలో సందు వదిలి ఎవరి గోడ వాళ్ళు. చెరో అర అడుగు పోతుంది, సిమెంటూ ఇటుకా ఎక్కువ పడతాయి, పునాదిని హద్దు దాటకుండా ఒక పక్కకే వేయడానికి ఇంజనీరు కాస్త తంటాలు పడాలి. బదులుగా ఎవరి ఇల్లు వాళ్ళ ఇష్టం, ఎవరి కాలం వాళ్ళది. ఏ దారైనా మట్టి పరీక్ష ముందు.

కాగితాలు. స్థలం నాన్నగారి స్వార్జితం కాబట్టి ఎవరికి ఏ వైపు రాయాలన్నది ఆయన ఇష్టం, హక్కు పేరుతో మీరు చేయగలిగింది తక్కువ. మాటతో చేయగలిగింది ఉంది. రాసిచ్చే దస్తావేజులోనే ఉమ్మడి గోడ ఇద్దరిదీ అని, దాన్ని తవ్వాలన్నా పైకి లేపాలన్నా ఇద్దరి సంతకం కావాలని, పై అంతస్తు, డాబా నీళ్ళు ఎటు దిగాలి, అన్నీ రాయించండి. విడగొట్టి 120 గజాలకు విడివిడిగా ప్లాను పెడితే మధ్య హద్దు వైపు కూడా ఖాళీ వదలమంటారా, మొత్తానికి ఒకే ప్లాను పెడితే బ్యాంకు ఇద్దరికీ లోనిస్తుందా, ఈ రెండూ రిజిస్ట్రేషన్‌కు ముందే లైసెన్సున్న ఇంజనీరునూ మీ బ్యాంకునూ అడగండి. తర్వాత అడిగితే జవాబు ఏదైనా మార్చుకోవడానికి వీలుండదు.

డబ్బు తీసుకుని తప్పుకుందామన్న ఆలోచన గురించి అడిగారు. పోరంకిలో మళ్ళీ 120 గజాలు కొనాలంటే తమ్ముడు ఇవ్వగలిగిన డబ్బు సరిపోతుందో లేదో మీకే తెలుసు. అలిగి అడిగితే అది అలకగానే మిగులుతుంది. నిజంగా గుంటూరులోనే స్థిరపడే ఉద్దేశం ఉంటే అది వేరు, అప్పుడది అవమానమూ కాదు.

నాన్నగారితో మాత్రం తమ్ముడూ మరదలూ లేనప్పుడు కూర్చోండి. "నాకు దక్షిణం ఎందుకిచ్చారు నాన్నా?" అని ఒక్కమాట అడిగి ఆగండి. అక్క కాబట్టి అంటారో, అద్దెకిస్తావు కదా అంటారో, ఆ జవాబును బట్టి మీరు వాటా మార్చమనాలో ప్లాను మార్చమనాలో తేలుతుంది. వెళ్ళేటప్పుడు తిరగేయని ప్లాను, చేత్తో గీసిందైనా సరే, పట్టుకెళ్ళండి. ఆగ్నేయంలో వంటిల్లు కనబడితే ఆయనకు మాట తేలికవుతుంది. మేస్త్రికి బయానా ఇచ్చేశారో లేదో కూడా అడగండి, ముగ్గు పోయకముందు ఏదైనా మార్చొచ్చు.